కికౌట్ తర్వాత 20 సెకన్లు

(అమెరికా కాలేజీ పురుషుల వాటర్ పోలో జాతీయ చాంపియన్‌షిప్ గురించి కాలిఫోర్నియాలోని తెలుగు తల్లిదండ్రుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

డిసెంబరు మొదట్లో ఒక వారాంతం ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల సంఘం) పురుషుల వాటర్ పోలో చాంపియన్‌షిప్ జరుగుతుంది. ఎనిమిది జట్లు, మూడు రోజులు, ఏడు మ్యాచ్‌లు. మీలో చాలామందికి పిల్లల ఈత పోటీలు బాగా అలవాటే. గొడుగు, మడత కుర్చీ, టిఫిన్ డబ్బా తీసుకెళ్ళి ఒక్క నిమిషం రేసు కోసం నాలుగు గంటలు కూర్చోవడం మనందరికీ తెలుసు. అదే ధీమాతో వాటర్ పోలోకి వెళ్ళినవాళ్ళు తొలి క్వార్టర్ అయ్యేసరికి అడిగేది ఒకటే: "ఊరికే విజిల్ వేస్తున్నారు, ఎందుకండీ?"

ఆ విజిల్ అర్థమైతే ఆట అర్థమైనట్టే. అందుకని ఇవాళ చరిత్ర జోలికి ముందుగా వెళ్ళను. 1969లో మొదలైన ఈ పోటీ 2024 వరకు 56 సార్లు జరిగితే 56 సార్లూ కాలిఫోర్నియా కాలేజీలే గెలిచాయి. ఎందుకలా అంటే, ఆ జవాబు కూడా ఈ విజిల్ దగ్గరే దొరుకుతుంది.

ముందు కొలను సంగతి. గోల్ నుంచి గోల్‌కి పొడవు 25 నుంచి 30 మీటర్లు, వెడల్పు 20 మీటర్ల దాకా. లోతు కనీసం 1.8 మీటర్లు. అంటే కాళ్ళకు నేల అందదు. ఒకవేళ అందినా గోల్‌కీపర్ తప్ప మరెవరూ నేల మీద నిలబడి ఆడకూడదు. గోల్ వెడల్పు 3 మీటర్లు, నీటి మీద నుంచి ఎత్తు 90 సెంటీమీటర్లు. బంతి బరువు 400 నుంచి 450 గ్రాములు. ఒక్కో జట్టుకి నీళ్ళలో ఏడుగురు: ఆరుగురు ఆటగాళ్ళు, ఒక గోల్‌కీపర్. ఒక జట్టుకి తెల్ల టోపీలు, రెండో జట్టుకి ముదురు రంగువి, గోల్‌కీపర్లకి ఎర్రవి. టోపీకి చెవుల దగ్గర ప్లాస్టిక్ డిప్పలుంటాయి. అవి అందానికి కాదు, దెబ్బ తగిలితే కర్ణభేరి పగలకుండా. మ్యాచ్ ముందు రిఫరీలు ఆటగాళ్ళ గోళ్ళు పరీక్ష చేస్తారు. ఒంటికి నూనె రాసుకోకూడదు. అది చూస్తేనే తెలిసిపోతుంది, ఇది ఒకరినొకరు పట్టుకునే ఆటని.

ఎనిమిదేసి నిమిషాల నాలుగు క్వార్టర్లు. ఆట ఆగినప్పుడల్లా గడియారం కూడా ఆగుతుంది కాబట్టి మ్యాచ్ మొత్తం గంట దాటిపోతుంది. ప్రతి క్వార్టర్ మొదట్లో బంతిని మధ్యలో వదులుతారు. రెండు జట్లూ తమ తమ గోల్ గీతల దగ్గర నుంచి ఈదుకుంటూ వస్తాయి. ఎవరికి ముందు అందితే వాళ్ళదే మొదటి దాడి. మీ అబ్బాయి 50 మీటర్ల ఫ్రీస్టయిల్ పనికొచ్చేది ఎక్కువగా అక్కడే. మిగతా ఆటంతా కాళ్ళది.

కాళ్ళు అంటే ఎగ్‌బీటర్. రెండు కాళ్ళనీ మోకాళ్ళ దగ్గర నుంచి వంచి, ఒకటి సవ్యంగా, ఇంకొకటి అపసవ్యంగా, ఒకదాని తర్వాత ఒకటి తిప్పడం. బ్రెస్ట్‌స్ట్రోక్ తన్నుకి, దీనికి తేడా ఉంది. అందులో రెండు కాళ్ళూ ఒకేసారి తన్ని ఒకేసారి ఆగుతాయి. ఆగిన ఆ క్షణంలో మనిషి కిందికి దిగిపోతాడు. ఎగ్‌బీటర్‌లో ఒక కాలు ఆగే వేళకి రెండోది తిరుగుతుంటుంది గనక శరీరం ఒకే ఎత్తులో నిలుస్తుంది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. కొత్త పిల్లలు చేసే తప్పు మోకాళ్ళను కిందికి వేలాడేయడం. అప్పుడు తొడలు నీటిని వెనక్కి తోస్తాయే తప్ప కిందికి తొక్కవు. మోకాళ్ళు నడుము ఎత్తుకి దగ్గరగా, ఎడంగా ఉండాలి, పాదం బయటికి తిరిగి ఉండాలి. ఇది కుదరని పిల్లవాడికి ఎంత వేగమున్నా సీనియర్ ఆటలో చోటు దొరకదు.

సరే, విజిల్ దగ్గరికి వద్దాం.

ఫౌల్స్ మూడు రకాలు. మొదటిది మామూలు ఫౌల్. ప్రత్యర్థి మీద పడుతుంటే బంతిని నీటి కింద దాచడం, రెండు చేతులతో బంతి పట్టుకోవడం, బంతి చేతిలో లేనివాడిని కదలనీయకపోవడం లాంటివి. వీటికి ఫ్రీ త్రో ఇస్తారు. ఆటగాడు వెంటనే బంతి ఆడాలి. ఈ ఫౌల్ ఎవరి ఖాతాలోకీ చేరదు. మీకు చికాకు తెప్పించే విజిళ్ళలో నూటికి తొంభై ఇవే. వీటిని మరిచిపోండి. రిఫరీ చెయ్యి ఎటు చూపిస్తే బంతి ఆ వైపుది, అంతే.

రెండోది కికౌట్. నిబంధనల పుస్తకంలో ఎక్స్‌క్లూజన్ అని ఉంటుంది గానీ ఇక్కడి పిల్లలంతా కికౌట్ అనే అంటారు. బంతి చేతిలో లేని ఆటగాడిని పట్టుకున్నా, ముంచినా, వెనక్కి లాగినా ఇస్తారు. ఎవరినైనా తన్నినా కొట్టినా కూడా ఇస్తారు. ఆ ఆటగాడు 20 సెకన్లు బయటికి పోవాలి. తన బెంచీ వైపు మూలలో ఉన్న చోటికి ఈదుకుంటూ వెళ్ళి నీళ్ళలోనే ఆగుతాడు. 20 సెకన్లు గడిచాకనో, ఈలోగా గోల్ పడ్డాకనో, తన జట్టుకి బంతి చిక్కాకనో తిరిగి వస్తాడు. వెళ్ళే దారిలో కావాలని ఆటకి అడ్డం పడితే నేరుగా పెనాల్టీ.

మూడోది పెనాల్టీ. ఖాయమనుకున్న గోల్‌ని ఫౌల్‌తో ఆపితే ఇస్తారు. 5 మీటర్ల నుంచి గోల్‌కీపర్ ఒక్కడి ఎదుట షాట్.

ఈ రెండో, మూడో రకం ఫౌల్స్ ఖాతాకెక్కుతాయి. మూడు చేరాయా, ఆ ఆటగాడు ఆ మ్యాచ్‌కి మళ్ళీ నీళ్ళలో దిగడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనిపడుతుంది.

కికౌట్ నిబంధనలో "బంతి చేతిలో లేని ఆటగాడిని" అన్నాను కదా. ఆట మొత్తం ఆ చిన్న మెలిక చుట్టూ తిరుగుతుంది. బంతి చేత్తో పట్టుకుని ఉన్నవాడి మీద డిఫెండర్ పడొచ్చు, ముంచొచ్చు, అది న్యాయమే. బంతిని వదిలిన మరుక్షణం అదే పని నేరం. గోల్ ముందు 2 మీటర్ల దగ్గర, ఎర్ర గుర్తు పక్కన, గోల్‌కి వీపు పెట్టి ఒక భారీ మనిషి ఉంటాడు చూడండి. అతనే సెంటర్. కొందరు హోల్ సెట్ అంటారు. బంతి అతని దగ్గరికి వస్తుంది, వెనక డిఫెండర్ మెడ మీద ఎక్కి కూర్చుంటాడు. కొత్తవాళ్ళు "బంతి పట్టుకోడేం?" అని అరుస్తారు. పట్టుకుంటే పోతుంది! తెలిసిన సెంటర్ బంతిని తన చెయ్యి అందేంత దూరంలో తేలనిస్తాడు. డిఫెండర్ తట్టుకోలేక లాగుతాడు. విజిల్. కికౌట్. ఒక్క షాట్ కూడా వేయకుండా సెంటర్ తన జట్టుకి గోల్ కొట్టినంత పని చేశాడు.

స్టాన్‌ఫర్డ్ 2019లో పసిఫిక్ యూనివర్సిటీ మీద 13-8తో గెలిచి చాంపియన్ అయినప్పుడు వాళ్ళ సెంటర్ బెన్ హాలక్. తర్వాత అమెరికా ఒలింపిక్ జట్టుకి సారథి కూడా అయ్యాడు. అతని పాత మ్యాచ్‌లు దొరికితే చూడండి, గోల్స్ కాదు, బంతి ఎప్పుడు వదులుతున్నాడో చూడండి. అంతకు ముందు తరంలో పెప్పర్‌డైన్ యూనివర్సిటీ సెంటర్ టెరీ ష్రోడర్ ఉన్నాడు. 1997లో పెప్పర్‌డైన్ గెలిచిన ఏకైక టైటిల్‌కి కోచ్ అతనే. లాస్ ఏంజెలెస్ కొలీసియం ముందు 1984 ఒలింపిక్స్ నాటి తల లేని కంచు విగ్రహాలున్నాయి కదా, వాటిలో పురుషుడి విగ్రహానికి నమూనా ఆయన శరీరమే. ఎగ్‌బీటర్ ఎలాంటి తొడలనిస్తుందో అక్కడికెళ్తే కనిపిస్తుంది.

బంతి సెంటర్‌కి చేరడమే అసలు పని. దాడి చేసే జట్టుకి షాట్ గడియారం మీద 30 సెకన్లుంటాయి. సెంటర్ చుట్టూ అర్ధచంద్రాకారంలో ఐదుగురు ఉంటారు: రెండు చివరల్లో వింగ్‌లు, వాళ్ళ పైన ఫ్లాట్‌లు, గోల్‌కి ఎదురుగా దూరంగా పాయింట్. దాడి చేసేవాళ్ళ కుడి వైపున ఎడమచేతి వాటం వాడుంటే అదృష్టం. అతని చెయ్యి కొలను మధ్యలోకి ఉంటుంది కాబట్టి గోల్ అతనికి ఎక్కువ వెడల్పుగా దొరుకుతుంది. కుడిచేతి వాడిని అదే చోట పెడితే చెయ్యి గోడ వైపు పడి కోణం చిక్కిపోతుంది. మీ ఇంట్లో ఎడమచేతి వాటం పిల్లలుంటే, మార్చొద్దు సుమా. ఇక్కడి కోచ్‌లు వాళ్ళని వెతుక్కుంటూ వస్తారు.

డిఫెండర్లు ఒంటి మీద పడి నొక్కేస్తుంటే బయటి ఆటగాడు కోరుకునేది మామూలు ఫౌల్. విజిల్ పడగానే డిఫెండర్ వెనక్కి జరగాలి, అప్పుడు సెంటర్‌కి తేలిగ్గా పాస్ వేయొచ్చు. ఫౌల్ 6 మీటర్ల అవతల జరిగితే ఫ్రీ త్రోని నేరుగా గోల్‌కి కూడా కొట్టొచ్చు. ఇందుకు విరుగుడుగా డిఫెన్స్ ఫౌల్ చేసి వెంటనే వెనక్కి ఈది సెంటర్ ముందు గుమిగూడుతుంది. దాన్ని డ్రాప్ అంటారు. డ్రాప్ చేస్తే సెంటర్‌కి బంతి అందదు, కానీ బయటివాడికి షాట్ వేసుకునే జాగా దొరుకుతుంది. ఒత్తిడి చేస్తే బయట షాట్ ఉండదు, సెంటర్ దగ్గర కికౌట్ ముప్పు. రెండింట్లో ఏదో ఒకటి వదులుకోవాలి. మ్యాచ్ మొదటి ఐదు నిమిషాల్లో ఏ జట్టు దేన్ని వదులుకుంటోందో కనిపెడితే మీరు సగం కోచ్ అయినట్టే.

ఇప్పుడు ఆ 20 సెకన్లు. కికౌట్ విజిల్ పడింది. షాట్ గడియారంలో 20 కన్నా తక్కువ మిగిలి ఉంటే మళ్ళీ 20కి పెడతారు. దాడిలో ఆరుగురు, డిఫెన్స్‌లో ఐదుగురూ గోల్‌కీపరూ. మ్యాచ్‌లో తక్కిన తోపులాట అంతా ఈ కొద్ది సెకన్ల కోసమే అన్నా తప్పు లేదు.

సాధారణంగా వేసే వ్యూహం నాలుగు-రెండు. గోల్ ముందు 2 మీటర్ల గీత వెంట నలుగురు: రెండు గోల్ స్తంభాల ఎదురుగా ఇద్దరు పోస్ట్‌లు, రెండు చివరలా ఇద్దరు వింగ్‌లు. బయట ఇద్దరు షూటర్లు. డిఫెన్స్ తరఫున ముగ్గురు కింద ఆ నలుగురిని, ఇద్దరు పైన ఆ ఇద్దరిని చూసుకోవాలి. నలుగురికి ముగ్గురు కాబట్టి ఒకడు ఎప్పుడూ ఖాళీగా ఉంటాడు. ఎవడు ఖాళీ అనేది బంతిని బట్టి మారుతూ ఉంటుంది. బంతి కుడి వింగ్‌కి వెళితే డిఫెన్స్ అంతా కుడికి ఒక చెయ్యి దూరం జరుగుతుంది, ఎడమ వింగ్ తేలిపోతాడు. బంతి అక్కడికి చేరేలోపు వాళ్ళు తిరిగి జరగాలి. కాబట్టి ఇది బంతికీ కాళ్ళకీ పందెం. బంతి గాలిలో ఒక సెకను కన్నా తక్కువలో దాటే దూరాన్ని మనిషి నీళ్ళలో అంత వేగంగా దాటలేడు. పాస్‌లు సరిగ్గా పడితే డిఫెన్స్ ఓడక తప్పదు.

మరి రోజూ ఎందుకు ఓడదు? పాస్‌లు సరిగ్గా పడవు గనక.

మొట్టమొదట చెడేది పాస్ ఎత్తు. ఈ వ్యూహంలో పాస్ పొడిగా ఉండాలి, అంటే నీటికి తగలకుండా నేరుగా అరచేతిలోకి. నీళ్ళలో పడ్డ బంతిని ఎత్తి, వెనక్కి తీసుకుని, కొట్టేసరికి గోల్‌కీపర్ ఎదురుగా వచ్చి కూర్చుంటాడు. పాస్ కూడా షూటర్ కొట్టే చేతికి, తల కన్నా పైకి రావాలి. ఒంటికి అడ్డంగా వస్తే అతను నడుము తిప్పుకోవాలి, ఆ తిప్పులో డిఫెండర్ చెయ్యి లేస్తుంది.

రెండోది తొందర. అవకాశం దొరికిందనుకుని అయిదో సెకనులోనే కొట్టేస్తారు. డిఫెన్స్ ఇంకా కదలనే లేదు, అందరి చేతులూ పైకే ఉన్నాయి. మంచి జట్లు బంతిని కనీసం రెండుసార్లు ఒక చివర నుంచి ఇంకో చివరకి తిప్పి, డిఫెండర్ల తుంటి కిందికి జారేదాకా ఆగి, అప్పుడు కొడతాయి. దీనికి విరుద్ధమైన తప్పు కూడా ఉంది. మరీ తిప్పి తిప్పి 3 సెకన్లు మిగిలేసరికి షాట్ కోణమే లేని వింగ్ చేతిలో బంతి ఉండటం. వింగ్‌లు తెలియకుండానే గోల్ గీత వైపు జారిపోతుంటారు. ఒక్క మీటరు కిందికి జారితే చాలు, గోల్ వాళ్ళకి సగం కనబడదు.

మూడోది పోస్ట్‌ల సంగతి. పోస్ట్‌లో ఉన్నవాడు బంతి రాకపోయినా తుంటిని నీటి మీదికి ఎత్తి పెట్టి ఉండాలి. అతను బెదిరింపుగా లేకపోతే అతన్ని కాసే డిఫెండర్ హాయిగా వదిలేసి బయటి షూటర్ మీదికి పోతాడు. స్కోరు పట్టీలో పేరు రాని పని ఇది, అందుకే బద్ధకిస్తారు. అలాగే బంతి తన కన్నా ముందుగా 2 మీటర్ల లోపలికి పోకుండా తాను లోపలికి దూరితే బంతి అవతలి వాళ్ళకి ఇచ్చేస్తారు.

డిఫెన్స్ వైపు నుంచి చూస్తే లెక్క ఇంకోలా ఉంటుంది. అడ్డు పెట్టే చెయ్యికీ, గోల్‌కీపర్‌కీ ముందే ఒప్పందం ఉంటుంది: షూటర్‌కి ఎదురున్న డిఫెండర్ చెయ్యి గోల్‌లో ఒక వైపుని మూస్తే, గోల్‌కీపర్ రెండో వైపు తీసుకుంటాడు. చెయ్యి నిలకడగా ఉండాలి. ఊపితే గోల్‌కీపర్‌కి ఏ వైపు తనదో తెలియదు. గోల్ పడగానే గోల్‌కీపర్ ఒక డిఫెండర్ మీద అరవడం చూస్తారు. "నీ వైపు నుంచి పోయింది" అని అర్థం. చాలాసార్లు గోల్‌కీపర్ చెప్పేదే నిజం.

ఒక మంచి జట్టు తనకొచ్చిన కికౌట్లలో సగానికి సగం గోల్స్ చేసుకుంటే ఆ రోజు గెలిచే అవకాశం గట్టిగా ఉన్నట్టే. గోల్ పడకపోతే నష్టం రెండింతలు. నలుగురు 2 మీటర్ల గీత మీద, అంటే తమ గోల్‌కి అత్యంత దూరంలో ఉన్నారు. అవతల కికౌట్ అయినవాడు తిరిగి వచ్చేశాడు. బంతి గోల్‌కీపర్ చేతికి చిక్కగానే ఎదురుదాడి మొదలవుతుంది. ఈ మలుపు కోసం కోచ్‌లు టైమ్ అవుట్లు దాచుకుంటారు. దగ్గరి మ్యాచ్‌లో చివరి రెండు నిమిషాల్లో కికౌట్ వచ్చిన వెంటనే టైమ్ అవుట్ అడిగారంటే, తమ ఎడమచేతి షూటర్‌ని నీళ్ళలోకి దింపి, బంతిని అతని దాకా తెచ్చే దారి బోర్డు మీద గీస్తున్నారన్నమాట.

(సభలో ఒకరి ప్రశ్న: నీటి కింద ఏం జరుగుతుందో రిఫరీకి కనిపించదు కదా?)

సగం కనిపించదండి. రిఫరీలిద్దరూ చెరో గట్టు మీద నడుస్తూ చూస్తారు. కింద బట్టలు లాగడం మామూలే. అందుకే ఆటగాళ్ళ ట్రంకులు బిగుతుగా, జారనివిగా, మందపు బట్టతో ఉంటాయి, చాలామంది రెండు వేసుకుంటారు. రిఫరీ చూసేది నీటి పైభాగాన్ని. సెంటర్ భుజాలు ఒక్కసారిగా వెనక్కి పోయాయా, తల మునిగిందా, డిఫెండర్ రెండు చేతులూ కనిపిస్తున్నాయా అని చూస్తాడు. అందుకే తెలివైన డిఫెండర్ మధ్యమధ్యలో రెండు చేతులూ పైకెత్తి చూపిస్తుంటాడు, "నేనేం పట్టుకోలేదు" అని. అదీ నటనే అనుకోండి. వెనక నుంచి పట్టుకునే డిఫెండర్లకి మరో ముప్పు ఉంది. దాడి చేసేవాడు 6 మీటర్ల లోపల గోల్ వైపు తిరిగి షాట్‌కి సిద్ధమైతే, వెనక నుంచి అతని ఒంటిని తాకి అడ్డుకుంటే పెనాల్టీయే. బంతిని మాత్రమే తాకాలి. ఈ నిబంధన వచ్చాక సెంటర్లు తిరగడం బాగా నేర్చుకున్నారు, గోల్స్ కూడా పెరిగాయి.

ఇప్పుడు ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట. మూడు ఫౌల్స్ అయితే బయటికే. సెంటర్‌ని కాసే డిఫెండర్‌కి రెండో క్వార్టర్‌లోనే రెండు పడ్డాయనుకోండి. అతన్ని నీళ్ళలో ఉంచితే మూడోది రావడం ఎంతసేపు? తీసేస్తే అతని స్థానంలో ఎవరు? ఇక్కడ తేలుతుంది జట్టు సత్తా. నాలుగో క్వార్టర్‌లో మూడో రకం సెంటర్ డిఫెండర్‌ని దింపాల్సి వచ్చిన జట్టు ఓడిపోతుంది. నా ఉద్దేశంలో ఈ చాంపియన్‌షిప్‌ని గెలిచేది ఏడుగురు కాదు, పదకొండో, పన్నెండో ఆటగాళ్ళు. పైగా శుక్రవారం క్వార్టర్ ఫైనల్, శనివారం సెమీస్, ఆదివారం ఫైనల్, వరసగా మూడు రోజులు. ఫౌల్స్ మ్యాచ్ మారితే సున్నా నుంచి మొదలవుతాయి, కాళ్ళ అలసట మాత్రం సున్నాకి రాదు. ఆదివారం సాయంత్రం మూడో క్వార్టర్‌లో షాట్లు బార్ మీదుగా పోవడం మొదలైతే చెయ్యి తప్పని తిట్టకండి. తుంటి దిగిపోయింది, అందుకని బంతి పైకి పోతోంది.

అందుకే ఫైనల్స్ ఒక్క గోల్ తేడాతో తేలుతుంటాయి. 2013లో యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) పసిఫిక్‌ని రెండు అదనపు సమయాల తర్వాత 12-11తో ఓడించింది. 2014లో యూసీఎల్ఏ (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) యూఎస్‌సీని 9-8తో. 2020 సీజన్ కోవిడ్ వల్ల 2021 మార్చికి వాయిదా పడితే మళ్ళీ యూసీఎల్ఏ, యూఎస్‌సీ మీద 7-6. 2021లో, 2022లో వరసగా కాల్, అంటే బర్కిలీ, యూఎస్‌సీని 13-12, 13-12. పాపం యూఎస్‌సీ! అయితే జాలి పడనక్కర్లేదు లెండి, 2008 నుంచి 2013 దాకా వరసగా ఆరు టైటిళ్ళు వాళ్ళవే, 2005 నుంచి 2018 దాకా ప్రతి ఫైనల్లోనూ వాళ్ళే.

2024 వరకు లెక్క ఇదీ: కాల్ 17, యూసీఎల్ఏ 13, స్టాన్‌ఫర్డ్ 11, యూఎస్‌సీ 10, యూసీ అర్వైన్ 3, యూసీ శాంటా బార్బరా, పెప్పర్‌డైన్ చెరొకటి. 56 టైటిళ్ళు, ఏడు కాలేజీలు, ఒకే రాష్ట్రం. మొదటి ఏడాది 1969లో ఫైనల్‌లో కాల్‌ని ఓడించి గెలిచింది యూసీఎల్ఏ. 2024లో స్టాన్‌ఫర్డ్ కొలనులో యూఎస్‌సీని 11-8తో ఓడించిందీ యూసీఎల్ఏయే. ఆ జట్టులో రైడర్ డాడ్ అనే మొదటి ఏడాది కుర్రాడున్నాడు. అంతకు నాలుగు నెలల ముందే పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం తెచ్చుకుని వచ్చి కాలేజీలో చేరాడు. ఆ కాంస్యం మ్యాచ్‌లో హంగరీని షూటౌట్‌లో నిలువరించిన గోల్‌కీపర్ ఏడ్రియన్ వైన్‌బర్గ్ యూసీ అర్వైన్ ఆటగాడు.

కాలిఫోర్నియాయే ఎందుకంటే, బెంచీ అక్కడే తయారవుతుంది కాబట్టి. ఇక్కడ హైస్కూళ్ళకి ఆరుబయట లోతైన కొలనులున్నాయి, ఏడాది పొడవునా ఈదొచ్చు. హైస్కూల్లో అబ్బాయిల వాటర్ పోలో శరత్కాలపు ఆట, మిగతా నెలల్లో క్లబ్బులు. పదేళ్ళ లోపు పిల్లలకే జట్లుంటాయి. పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి ఎనిమిదేళ్ళ ఎగ్‌బీటర్ ఉన్న కుర్రాళ్ళు వందల్లో దొరుకుతారు. తూర్పు తీరంలో ప్రిన్స్‌టన్, హార్వర్డ్, ఫోర్డమ్, నేవీ లాంటి చోట్ల మంచి జట్లున్నాయి. అక్కడి మొదటి ఏడుగురు, కొన్నిసార్లు యూరప్ నుంచి వచ్చినవాళ్ళు, ఎవరితోనైనా పోటీ పడగలరు. కానీ ఇద్దరు డిఫెండర్లు మూడేసి ఫౌల్స్‌తో బయటికొచ్చాక బెంచీ మీద ఎవరున్నారన్నదే చిక్కు. బయటి రాష్ట్రాల జట్లు సెమీఫైనల్ దాకా వచ్చాయి గానీ ఫైనల్లో ఆడిన సందర్భం లేదు. అందుకని కాల్, స్టాన్‌ఫర్డ్, యూసీఎల్ఏ, యూఎస్‌సీ నాలుగూ ఉన్న ఎంపీఎస్ఎఫ్ అనే కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీలు కలిసిన లీగ్) టోర్నమెంటే అసలు జాతీయ పోటీ అని వెటకారంగా అనేవాళ్ళున్నారు. కాన్ఫరెన్సుల విజేతలకి నేరుగా చోటుంటుంది, మిగిలిన చోట్లు కమిటీ నింపుతుంది. పురుషుల వాటర్ పోలో జట్లున్న కాలేజీలే తక్కువ గనక మూడు డివిజన్లకీ (కాలేజీ ఆటల స్థాయిలకి) కలిపి ఎన్‌సీఏఏ జరిపేది ఈ ఒక్క చాంపియన్‌షిప్పే.

మనవాళ్ళకీ ఈ ఆటకీ ఏం సంబంధమని మీరు అనుకోవచ్చు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో వాటర్ పోలో స్వర్ణం భారత్‌దే. 1970లో రజతం, 1982లో కాంస్యం. ఆ తర్వాత కథ వేరు, దానికి ఇంకో సభ పెట్టాలి.

(మరో ప్రశ్న: పిల్లవాడికి స్కాలర్‌షిప్ వస్తుందా?)

ఇది నిక్కచ్చిగా చెప్పాలి. 2025 వరకు ఉన్న నిబంధన ప్రకారం ఒక పురుషుల జట్టు మొత్తానికి కలిపి నాలుగున్నర స్కాలర్‌షిప్పులే. ఇరవై మందికి పైగా ఉన్న జట్టులో దాన్ని ముక్కలు చేసి పంచేవారు. 2025 నుంచి లెక్క మారింది. కోర్టు కేసులో కుదిరిన కొత్త ఒప్పందంలో చేరిన కాలేజీలకి స్కాలర్‌షిప్పుల మీద పరిమితి పోయి, జట్టులో ఎంతమంది ఉండొచ్చన్న దాని మీద పరిమితి వచ్చింది. కానీ పరిమితి పోయినంత మాత్రాన డబ్బు పుట్టదు, ఏ కాలేజీ ఎంత పెడుతుందో కాలేజీనే అడగాలి. ప్రిన్స్‌టన్, హార్వర్డ్, బ్రౌన్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలు, డివిజన్ 3 కాలేజీలు ఆటకని స్కాలర్‌షిప్ ఇవ్వవు. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఇచ్చే సాయం వేరే. కాబట్టి ఫీజు గట్టెక్కించే మార్గంగా ఈ ఆటలో చేర్చకండి. ఈత వచ్చి, ఒంటరి లేన్లలో విసుగెత్తిన పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలకి ఇది బాగా పడుతుంది. మొదటి మూడు నెలలు బంతి కన్నా కాళ్ళ మీద ఎక్కువ సమయం పెట్టే క్లబ్బు చూసుకోండి. వెళ్ళిన రోజే షాట్లు కొట్టించే క్లబ్బు పిల్లలకి నచ్చుతుంది, కానీ ఏడాది తర్వాత భుజం నొప్పితో తిరిగి వస్తారు. తుంటి లేవకుండా చేత్తోనే విసిరితే భారమంతా భుజం కీలు మీద పడుతుంది.

ఇక చూడటానికి వెళ్ళేవాళ్ళకి రెండు మాటలు. సగం గీత ఎదురుగా ఉండే సీట్లకే అందరూ ఎగబడతారు. నన్నడిగితే ఒక గోల్ వైపుకి జరిగి, 2 మీటర్ల గుర్తుకి ఎదురుగా పక్క గ్యాలరీలో కూర్చోండి, వీలైనంత పైన. పై నుంచి చూస్తేనే ఆరుగురికి ఐదుగురు ఉన్నప్పుడు డిఫెన్స్ ఎటు జరుగుతోందో కనిపిస్తుంది. కింది వరసల్లో తలలు, నురుగు తప్ప ఏమీ ఉండవు. సగం ఆట అయ్యాక జట్లు వైపులు మార్చుకుంటాయి, అప్పుడు మీ ఎదుటికి రెండో జట్టు దాడి వస్తుంది. ఫోన్‌లో ఒక చిన్న పట్టీ పెట్టుకోండి: ఎవరికి ఎన్ని కికౌట్లు, వాటిలో ఎన్ని గోల్స్, సెంటర్ డిఫెండర్ల మీద ఎన్ని ఫౌల్స్. రిఫరీ విజిల్ వేసి, ఆటగాడిని చూపించి, చెయ్యి బయటికి ఊపి, వేళ్ళతో టోపీ నంబరు చూపిస్తాడు. అదే మీరు రాసుకోవాల్సింది. డిసెంబరు సాయంత్రాలు కొలను పక్కన చలి గట్టిగానే ఉంటుంది, స్వెట్టర్ మరిచిపోకండి. ఇంకెవరైనా అడగాలనుకుంటే చెప్పండి, మైకు అందిస్తారు.